ఒక్క అక్షరం మార్చని రంగత్త

మొన్న జాకెట్లు కుట్టడానికి ఇద్దామని మా పక్కవీధి దర్జీ కొట్టుకి వెళ్ళాను. అక్కడ పనిచేసే అమ్మాయి తలనిండా మల్లెపూలు పెట్టుకుని, మిషను తల వెనక్కి వాల్చి, సన్నమూతి డబ్బాతో దాని కీళ్ళలో నూనె పోస్తోంది. ఆ రెండు వాసనలూ కలిసి నా ముక్కుకి తగలగానే కొలతల సంగతి మరిచిపోయి గడపలోనే నిలబడిపోయాను. మల్లెపూలూ మిషను నూనే కలిసిన ఆ వాసన నాకు ప్రపంచంలో ఒకే ఒక మనిషి వాసన. ఇంటికొచ్చి బీరువా అడుగునుంచి పొడుగాటి నోటుబుక్కు ఒకటి తీశాను. దాని అట్ట ఊడిపోయింది, కుట్టు వదులైంది, లోపల పేజీల మధ్య పత్తి నూగు ఇంకా అంటుకునే ఉంది. అందులో ఉన్న రాత నాదే, నా తొమ్మిదేళ్ళప్పటిది. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు, పాటలు మాత్రం మా మేనత్త రంగనాయకివి.

రాజపాళయంలో మా ఇల్లు ఒక నూలు మిల్లుకీ కొబ్బరి తోటలకీ మధ్య ఉన్న వీధిలో ఉండేది. మేము తెలుగు మాట్లాడే వ్యవసాయపు కుటుంబం, ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో ఇంట్లో ఎవరికీ లెక్క తెలియదు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. ఆడి నెల, అదే ఆషాఢం, వచ్చిందంటే పడమటి కొండల నుంచి గాలి ఈలలేసుకుంటూ దిగేది, దాని వెనకే సారలు అనే సన్న తుంపర, ఆ తుంపరకి తడిసిన మిల్లు పత్తి నూగు గుమ్మాలకీ కిటికీలకీ మా తెల్ల కుక్క మూతికీ కూడా అంటుకునేది. మేము పిల్లలం ఆ నూగు పోగుచేసి, చింతపిక్కకి చుట్టి, పిల్లిపిల్లలని పేరుపెట్టి ఆడుకునేవాళ్ళం. ఎండాకాలంలో సప్పట్ట రకం మామిడిపళ్ళు గడ్డిలో పెట్టిన గది తలుపు తీస్తే ఆకలి లేనివాడికి కూడా ఆకలి వేసేది. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆ గది తాళం చెవి మొలలో దోపుకుని తిరిగేది. పొడుం పీల్చి తుమ్మేటప్పుడు మాత్రం ఆ తాళం చెవి మీద చెయ్యి వేసుకునేది, తుమ్ముకి ఎక్కడ జారిపోతుందోనని.

మిల్లులో పని మారే వేళకి సంగు ఊదేవారు. ఊరంతా వినిపించే సైరను అది. మధ్యాహ్నం సంగు ఊదిన కాసేపటికి మా తెల్ల కుక్క లేచి తోక ఊపేది, వీధి మలుపులో రంగత్త కనిపించేది. నడుమున చీరకొంగు బిగించి, తలలో వాడిన మల్లెచెండుతో, చేతులకి మిషను నూనెతో, నడుస్తూనే ఏదో ఒక పాట పాడుతూ వచ్చేది. కూనిరాగం తీయడం ఆవిడకి రాదు. నూలు చుట్టే రీలింగు సెక్షనులో పదేళ్ళు యంత్రాల మోత మీద పాడి పాడి ఆ గొంతు అంత ఎత్తులోనే స్థిరపడిపోయింది. పక్కింటివాళ్ళు మా ఇంట్లో రేడియో కొన్నారనుకుని ఒకసారి చూడ్డానికి వచ్చారని అమ్మ చెప్పి నవ్వేది.

రంగత్త పాటకత్తె అయింది కూడా ఆ మోత వల్లనే. ఏడాదిలో ఆయుధపూజ రోజు ఒక్కటే యంత్రాలన్నీ ఆగేవి. వాటికి పసుపూ కుంకుమా పెట్టి, బొరుగులూ సెనగలూ పంచి, ఒక మెల్లిసై ట్రూపు చేత, అంటే సినిమా పాటల బృందం చేత, పాటలు పాడించేవారు. ఆ ఏడు ట్రూపులో పాడే ఆవిడ రాలేదు. ఆడవాళ్ళంతా కలిసి రంగత్తని ముందుకి తోశారు. యంత్రాలు ఆగి ఉన్నాయన్న సంగతి మరిచిపోయి, ఆవిడ రోజూ పాడే గొంతుతోనే ఎత్తుకుందట. మైకు పట్టుకున్నవాడు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడట. అకార్డియన్ వాయించే మాస్టరు, ఆయనే ట్రూపుకి పెద్ద, పాట అయ్యాక వచ్చి వచ్చే ముహూర్తాలకి కచేరీలున్నాయి వస్తావా అని తమిళంలో అడిగాడు. ఇంట్లో ఎవరినీ అడగకుండానే రంగత్త వస్తానంది.

అప్పటినుంచి మిల్లుకి సెలవున్నప్పుడల్లా ట్రూపు వ్యాను మా వీధి చివర ఆగేది. పెళ్ళి విందులు, చెవులు కుట్టే వేడుకలు, పరోటా కొట్టు కొత్తగా తెరిచిన చోట్లు, మిల్లు గేట్ల ముందు పందిళ్ళు, అన్నీ ఆవిడవే. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసేవాళ్ళూ చోళపురం రైతులూ గోడపత్రికలో 'ఎస్. రంగనాయకి' అని చూస్తే ముందుగా వచ్చి చాపలు పరుచుకునేవారట. వదిలి వెళ్ళిన మొగుడి మీద, సారా మీద, తిరిగిరాని మనిషి మీద, పగిలిన చేతుల మీద పాటలు ఆవిడ పాడితే పెద్ద పెద్ద మీసాలవాళ్ళు తువ్వాలుతో ముఖం తుడుచుకునేవారు. నేను రెండుమూడు పెళ్ళిళ్ళలో కళ్ళారా చూశాను. ఎవడైనా ఈల వేస్తే పాట మధ్యలో ఆపేసి, వాడు తల దించుకునేదాకా చూసి, ఆపిన మాట దగ్గరే మళ్ళీ ఎత్తుకునేది. పాడే రోజున పెరుగు ముట్టేది కాదు. మిరియాలూ తాటి కలకండా వేసి కాచిన నీళ్ళు ఇత్తడి చెంబులో వెంట ఉండాల్సిందే. ఆ నీళ్ళు కాచే పని నాది, అందులో కలకండ ముక్క ఒకటి కాజేసే పని కూడా నాదే.

ఈ వైభవమంతా మా నాయనకి గొంతులో ముల్లులా ఉండేది. రంగత్తని సేత్తూరు అనే పక్క ఊరిలో ఇచ్చి పెళ్ళి చేశారు. పాడటం మానుకుంటేనే కాపురం అన్నారు అత్తింటివాళ్ళు. ఆవిడ ఒక పొద్దున రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని సేత్తూరు నుంచి మా ఇంటికి నడిచి వచ్చేసింది. దారిలో రెండు బస్సులు ఆగాయట, ఎక్కలేదట. నిలబడితే ఎవరైనా వెనక్కి తిప్పుతారని భయం వేసిందని చాలా ఏళ్ళ తరవాత నాతో అంది. ఆవిడ భయం అన్న మాట వాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. నాయన ఆ రోజు తలుపు తీశాడు, పెట్టె దించాడు, కాని చెల్లెలితో మాట్లాడటం మానేశాడు. మూడేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ, ఒకరితో ఒకరు నా ద్వారా మాట్లాడుకున్నారు.

"పాపా, మీ అత్తకి చెప్పు, కూడు చల్లారిపోతా ఉంది."

"పాపా, మీ నాయనకి చెప్పు, నాకు చెవులు ఉండాయి."

ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం. నేను నిజంగానే ఒకరి ముఖం చూసి ఒకరి మాట ఒప్పచెప్పేదాన్ని. నాకదో ఆటగా ఉండేది కాని, ఇప్పుడు తలుచుకుంటే ఆ వయసు పిల్ల నెత్తిన పెట్టాల్సిన పెట్టె కాదు అది.

అన్ని ఊళ్ళలో పాడిన రంగత్త మా వీధిలో ఒక్కసారీ పాడలేదు. ఎండలు మొదలయ్యే పంగుణి నెలలో మారియమ్మ పండగకి మా వీధిలో పందిరి వేసేవారు. గరాటులా మూతి విచ్చుకున్న గొట్టం స్పీకర్లు కట్టి, గొట్టాన్ని కొళాయి అంటాం కనుక వాటిని కొళాయి రేడియో అనేవాళ్ళం, మూడు రోజులు చెవులకి చిల్లులు పొడిచేవారు. వేరే ఊరి ట్రూపులు వచ్చి పాడేవి. రంగత్త ఆ మూడు రోజులూ అమ్మతో కలిసి పనియారాలు, అంటే గుంత పొంగణాలు, పోసేది. కాపురం వదిలేసి వచ్చిన ఆడపిల్ల సొంత వీధిలో, సేత్తూరు బంధువులందరూ పండగకి వచ్చి కూర్చున్న చోట, మేడ ఎక్కడమేమిటని పెద్దల మాట. వేదికని మేము మేడ అంటాం. ఆ మాట ఆంధ్ర నుంచి వచ్చిన ఒక పత్తి కంపెనీ ఆయనతో అవ్వ అంటే, "పాడటానికి డాబా ఎందుకెక్కడం?" అని ఆయన తెల్లబోయాడు.

నాకు తొమ్మిదేళ్ళున్న ఆ ఏడు, పనియారాల గుంతల్లో నూనె వేస్తూ రంగత్త ప్రకటించింది. ఈసారి పండగకి మన వీధి మేడ మీద పాడతాను, అదీ మన మాటల్లో, నేను కట్టిన పాట. మా భాషలో ఎవరూ మేడ మీద పాడగా మేము వినలేదు. మేడ మీదికి తమిళం, వంటింట్లోకి మా తెలుగు, అది మాకు తెలియకుండానే జరిగిపోయిన పంపకం. అవ్వ తుమ్మబోయి ఆపుకుంది. పాట అప్పటికే తయారు. చేతులెప్పుడూ పనిలో ఉంటాయి కనుక ఆవిడ చెప్పేది, నేను రాసేదాన్ని. తెలుగు అక్షరాలు మా ఇంట్లో ఎవరికీ రావు. వచ్చిన తమిళ ఎళుత్తులతోనే, అంటే అక్షరాలతోనే, రాసుకున్నాను.

కొండ తట్టు గాలి వచ్చె, చేను తట్టు వాన వచ్చె,
ఎవురు పిలిచినా తిరగను నేను, నా బాట నాది దా.

తట్టు అంటే మా వైపు మాటల్లో దిక్కు. 'దా' అన్నది తమిళం మాకిచ్చిన ఊతం, మాట మీద గుద్ది చెప్పడానికి. ఆ బాట ఏ బాటో వీధిలో అందరికీ తెలుసు. సేత్తూరు నుంచి రేకు పెట్టెతో నడిచి వచ్చిన బాట అది.

మాస్టరుకి మా భాష రాదు. వరసలు కట్టడానికి వచ్చి, నా నోటుబుక్కు చూసి, "కొండ తట్టు కాలి వచ్చె" అని పాడాడు. తమిళంలో కకీ గకీ ఒకటే ఎళుత్తు, పకీ బకీ ఒకటే. మాట తెలిసినవాడికి ఏది పలకాలో తెలుస్తుంది, తెలియనివాడు దొరికిందే పలుకుతాడు. కొండ ఖాళీ అయిపోయిందా, కొండకి కాలొచ్చిందా అని మేమందరం పడీ పడీ నవ్వాం. గోడ అవతల వరండాలో కూర్చున్న నాయన కూడా నవ్వాడని నాకు తెలుసు. దగ్గు వచ్చినట్టు నటించాడు కాని అది దగ్గు కాదు.

పండగ కమిటీకి పెద్ద రామసామి తాత. మాటలో మెత్తన, పట్టులో ఉడుము. రంగత్త అడిగించిన సంగతి విని వద్దనలేదు. పాడనీ, కాని ఏమి పాడుతుందో మాట మాటా ముందు చావడిలో చదివి వినిపించాలి అన్నాడు. అవ్వకి పాట కంఠతా వచ్చు కనుక భయపడింది. ఆ రోజు సాయంత్రం రోటి దగ్గర కూర్చుని రంగత్తని బతిమాలింది.

"ఆ ఒక్క మాట తీసేయవే. బాట గీట అంటే సేత్తూరోళ్ళని గిల్లినట్టు అవుతాది. ఇంకేందైనా పెట్టుకో."

"ఒక ఎళుత్తు కూడా మార్చనమ్మా."

"మార్చకపోతే మేడ ఎక్కనీరు."

"ఎక్కనీకపోతే కింద నిలబడి పాడతా. నా గొంతుకి మైకు ఎందుకు?"

రుబ్బురాయి ఆగలేదు, చెయ్యి ఆగలేదు, గొంతూ పెరగలేదు. అలా మామూలుగా అన్నప్పుడే ఆవిడ మాట మీద నిలబడుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. వరండాలో నాయన చుట్ట ఆరిపోయింది, మళ్ళీ వెలిగించుకోలేదు.

మర్నాడు పొద్దున నాయన నన్ను పిలిచి నోటుబుక్కు తెమ్మన్నాడు. పేజీ తిప్పి, చివరి వరస మీద వేలు పెట్టాడు.

"ఇది ఏమి ఎళుత్తు?"

"బాట నాయనా. అత్త చెప్పింది..."

"మాట అడగలేదు. ఎళుత్తు ఏమి?"

"ప."

"ప దానే. సరి, తీసుకుని రా."

చావడిలో పదిమంది పెద్దలు చాపల మీద కూర్చున్నారు. తాంబూలం పళ్ళెం తిరుగుతోంది. నన్ను చదవమంటారేమోనని నాయన వెనక నక్కాను. నాయన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని నిలబడ్డాడు. కొండ గాలి సరిగ్గా చదివాడు, చేను వాన సరిగ్గా చదివాడు. చివరికి వచ్చి ఒక్క క్షణం ఆగి, "నా పాట నాది దా" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నాయన కాలి బొటనవేలు నా పాదం మీద పడింది. నెప్పి పుట్టలేదు కాని కదలడానికి వీల్లేదు.

"అంతే దానా?" అన్నాడు రామసామి తాత.

"అంతే మామా."

"పాట ఆ? పాడేవోళ్ళకి పాట కాకుండా ఇంకేమి సొంతం? పాడనీ, పాడనీ."

చావడి నుంచి బయటికి వచ్చాం. నాకు ఆయన మీద కోపం వచ్చింది, అత్త మాట మార్చేశాడని. ఇంటికి రాగానే పరుగెత్తి రంగత్తకి చెప్పేశాను, నాయన బాట అని చదవలేదు, పాట అని తప్పు చదివినాడు అని. ఆవిడ పనియారం గరిట పక్కన పెట్టింది. తరవాత కళ్ళు చెంగుతో ఒత్తుకుని, పొగ అంది. ఆ మధ్యాహ్నం నాయన కంచం ఆవిడే తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. మాట మాత్రం లేదు.

పండగ రెండో రోజు, దీపాలు పెట్టే వేళకి పందిరి నిండిపోయింది. ముందు వరసలో సేత్తూరు బంధువులు తెల్ల పంచెలతో కూర్చున్నారు. రంగత్త ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆ పొద్దున కూడా మిల్లుకి వెళ్ళి రావడంతో చేతులు ఎంత తోముకున్నా నూనె వాసన పోలేదు. చెంబు నేనే అందించాను. మైకు ముందు నిలబడి, దాన్ని ఒక చేత్తో పక్కకి జరిపింది. మాస్టరు అకార్డియన్ మీద కొండగాలిలా ఒక వరస లాగాడు. అమ్మ పిండి చేతులతోనే వంటింట్లోంచి వచ్చి నిలబడింది, ఆవిడ వెనక వీధిలోని వంటిళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. తమ వంటింటి మాటలు మేడ మీంచి వినపడుతుంటే ఆ ఆడవాళ్ళ ముఖాలు ఎలా ఉన్నాయో నేను ఇవాళ్టికీ వర్ణించలేను. నాకైతే ఏడుపు వచ్చింది, సంతోషంతోనే.

చివరి వరసకి వచ్చేసరికి రంగత్త ఊపిరి నిండా పీల్చింది. పెదవులు రెండూ గట్టిగా మూసి, ఒక్కసారి విప్పి, 'నా బ్బాట' అంది. అది ప అని ఆ పందిరిలో చెవిటివాడు కూడా అనుకోలేడు. రెండోసారి అంది, మూడోసారి అంది. సేత్తూరు పెద్దాయన ఒకాయన తువ్వాలు దులిపి లేచి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు కూర్చునే ఉన్నారు. ఒకాయన అయితే తొడ మీద తాళం వేస్తూ కూడా కనిపించాడు.

పాట అయ్యాక రామసామి తాత నాయన దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నువ్వు పాట అని కదా చదివినావు?"

"తమిళ ఎళుత్తు మామా. రెండూ ఒకటే మాదిరి ఉంటాయి. నేనేమి చేసేది?"

తాత నాయన ముఖంలోకి చూశాడు. ఆయనకి మాత్రం తమిళం రాదా? చివరికి మీసం కింద నవ్వుకుని, తాంబూలం నమలడం మొదలుపెట్టాడు. అప్పుడే రంగత్త మెట్లు దిగింది. నాయన ముందు ఆగింది. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను, మోయాల్సిన మాట ఏదో ఉంటుందని. నాయన నా తల మీదుగా చూసి, "రంగా, గొంతు కట్టింది. ఉడుకునీళ్ళు తాగు," అన్నాడు. మూడేళ్ళ తరవాత చెల్లెలితో తిన్నగా అన్న మొదటి మాట అది. ఆవిడ "సరి అన్నా" అంది. నాకు అక్కడ పని లేకుండా పోయింది, పనియారాలు తినడానికి వెళ్ళిపోయాను.

ఆ తరవాత రంగత్త పదహారు పండగలు మా వీధిలో పాడింది. ఎక్కడ పాడినా చివరి పాట అదే. మాస్టరు పోయాడు, వ్యాను పోయింది, ట్రూపు విడిపోయింది. ఇప్పుడు మిల్లు సంగు ఊదడం లేదు, చావడి ఉన్న చోట సెల్‌ఫోన్ కొట్టు ఉంది, పండగకి పెన్‌డ్రైవు పెట్టి వదిలేస్తున్నారు. నాయన లేడు. ఆ పాటని ఒకసారి క్యాసెట్టులో పట్టారు కాని టేపు బూజుపట్టి తెగిపోయింది. పత్తి నూగు ముప్పై ఏళ్ళు పీల్చిన గొంతుకి ఆపరేషను చేశారు. రంగత్తకి ఇప్పుడు గొంతు లేదు, ఊపిరితో గుసగుసగా మాట్లాడుతుంది. అయినా రోజూ పొద్దున మా పాత వీధి నుంచి నేనిప్పుడుండే ఇంటికి నడిచే వస్తుంది. ఆటో ఎక్కమంటే ముఖం తిప్పుకుంటుంది.

నేను నలభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. దర్జీ కొట్టు నుంచి వచ్చిన మర్నాడు ఈ పాటలన్నీ తెలుగులోకి ఎత్తి రాయడం మొదలుపెట్టాను. రంగత్త పక్కన కూర్చుంది. చివరి వరస దగ్గర ఆగి, తెలిసే, ఆవిడ నోట వినాలని అడిగాను, "అత్తా, ఇక్కడేమి?" ఆవిడ పెదవులు బిగించి విప్పింది. గాలి ఒక్కటే వచ్చింది. గుసగుసలో పకీ బకీ తేడా లేదు. నా నోటుబుక్కులో లాగే ఆవిడ నోట్లో కూడా ఆ రెండూ ఒకటైపోయాయి. మళ్ళీ అంది, మళ్ళీ అదే. నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ నా తొడ మీద ఒక్కటి చరిచి, కాయితం మీద రెండూ రాసి చూపించమని సైగ చేసింది.

ప రాశాను, బ రాశాను. ఇది పాట ప, ఇది బాట బ అని చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని రెండింటినీ పరీక్షగా చూసి, ప మీదున్న గీత మీద వేలు పెట్టింది.

"ఇదేమి?"

"అది తలకట్టు అత్తా. పకి ఉంటాది, బకి ఉండదు."

ఆవిడ వేలు మెల్లగా జరిగి బ మీద ఆగింది. ఈసారి గుసగుస నాకు స్పష్టంగానే వినిపించింది.

"కట్టు లేనిది దా నాది. రాయి."

రాశాను.